అడిగిన తరువాతే అడుగు – క్లౌ దొర గారి జీవిత చరిత్ర



ఈసారి గోడపత్రికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమన్నారు. గాంధీ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి మన గోడ మీద ఇదివరకే వచ్చింది. అందుకని నేను ఒంగోలు క్లౌ దొర గారి గురించి రాస్తున్నాను. మనలో చర్చికి పోయేవాళ్ళు ఉన్నారు. సేవాలాల్ మహరాజ్ కు, మారెమ్మకు మొక్కేవాళ్ళు ఉన్నారు. ఎవరిని మొక్కినా ఏదైనా పని మొదలు పెట్టే ముందు దేవుణ్ణి అడగాలని పెద్దలు చెప్తారు. అడగడం మనకు వచ్చు. కానీ జవాబు వచ్చిందని ఎట్లా తెలుసుకోవాలి? మనకు ఇష్టమైనదే దేవుని మాట అనుకుంటే ఎట్లా? ఈ ప్రశ్న క్లౌ దొర గారికి రెండుసార్లు పెద్దగా వచ్చింది. ఒకసారి కులం విషయంలో, ఒకసారి కరువులో. ఆ రెండుసార్లు ఆయన ఏం చేసినారో చదివితే మనకు కొంచెం తెలుస్తుంది.

జననం, బాల్యం:

క్లౌ దొర పూర్తి పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికా దేశంలో న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర 1836 జూలై 16న పుట్టినారు. వాళ్ళది వ్యవసాయం చేసుకొనే కుటుంబం. బతుకుతెరువు కోసం వాళ్ళ కుటుంబం పడమర వైపు రాష్ట్రాలకు వలస పోయింది. వలస అంటే మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. శెనక్కాయ పంట పోయిన సంవత్సరం మన తాండాల్లో సగం ఇండ్లకు తాళాలే కదా.

క్లౌ గారు చిన్న వయసులోనే భూమి కొలిచే సర్వే పనిలో చేరినారు. అడవుల్లో, చలిలో గొలుసు పట్టుకొని భూమి కొలిచి గుర్తులు పెట్టే పని అది. అక్కడ లెక్కలు, కొలతలు బాగా నేర్చుకున్నారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తరువాత చాలా మంది ప్రాణాలు నిలబెట్టింది ఈ చదువే.

తరువాత అయోవా రాష్ట్రంలో బర్లింగ్టన్ అనే ఊర్లో కాలేజీలో చేరినారు. అప్పట్లో ఆయనకు దేవుని మీద అంత భక్తి లేదు. లాయరు కావాలని కోరిక. చదువుకొనేటప్పుడే ఆయన మనసు మారింది. బాప్తిస్మం తీసుకున్నారు. లాయరు కోరిక వదిలిపెట్టినారు. హ్యారియట్ అనే ఆమెను పెండ్లి చేసుకున్నారు. పేదవాళ్ళకు దేవుని మాట చెప్పే పనికి దూరదేశం పోవాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు.

కొండ మీద ప్రార్థన:

ఇక్కడ కథ కొంచెం వెనక్కి పోవాలి. అమెరికా బాప్తిస్టు మిషన్ వాళ్ళు తెలుగు దేశానికి 1836లోనే వచ్చినారు. అంటే క్లౌ గారు పుట్టిన సంవత్సరమే. మొదట వచ్చినాయన శామ్యూల్ డే గారు. ఆయన 1840లో నెల్లూరులో స్థిరపడినారు. ఆయన తరువాత జూయెట్ దొర వచ్చినారు. ఎన్ని సంవత్సరాలు కష్టపడినా వేళ్ళ మీద లెక్కపెట్టే అంత మందే క్రైస్తవులైనారు. ఈ మిషన్ మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అనుకున్నారు.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు ఊరి పక్కన ఉన్న కొండ మీద అయిదు మంది మోకరించినారు. జూయెట్ దొర, ఆయన భార్య, నరసు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు ఆడవాళ్ళు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ప్రార్థన చేసినారు. ఇప్పటికీ ఆ కొండను ప్రార్థన కొండ అంటారు. ఆ రోజుకు క్లౌ గారికి పదిహేడేళ్ళు. ఒంగోలు అనే పేరు కూడా ఆయన విని ఉండరు.

1862లో జూయెట్ దొర ఆరోగ్యం బాగలేక అమెరికా పోయినారు. అప్పుడు కూడా మిషన్ మూసేయాలనే మాట వచ్చింది. ఎవరు పంపినా పంపకపోయినా తాను మాత్రం తిరిగి తెలుగు దేశానికే పోతానని ఆయన గట్టిగా చెప్పినారు. దాంతో పెద్దలు ఊరకున్నారు. చివరకు 1864 నవంబరు 30న క్లౌ దంపతులు జూయెట్ దొర గారితో బోస్టన్ రేవులో ఓడ ఎక్కినారు. మద్రాసు చేరేసరికి 1865 ఏప్రిల్ అయింది. కొండ మీద అడిగినదానికి మనిషి ఒంగోలు చేరేటప్పటికి పన్నెండేళ్ళు దాటింది. మనం సాయంత్రం ప్రార్థన చేసి పొద్దున్నే జవాబు రాలేదని బాధపడతాము కదా!

రెండు గదులలో ఒకే మాట:

క్లౌ గారు మొదట నెల్లూరులో ఉండి తెలుగు నేర్చుకున్నారు. 1866 సెప్టెంబరులో ఒంగోలు వచ్చినారు. ఊర్లో చదువుకున్న బ్రాహ్మణులు, కోమట్లు ఆయనతో బాగానే ఉన్నారు. తమ పిల్లలకు మంచి బడి కావాలని అడిగినారు. బడి పెట్టినారు. పెద్ద కులాల పిల్లలు వచ్చి చేరినారు. ముందు పెద్దవాళ్ళు మారితే వాళ్ళను చూసి మిగిలినవాళ్ళు మారతారని అప్పట్లో చాలా మంది మిషనరీల ఆలోచన. ఆ లెక్కన చూస్తే క్లౌ గారికి మంచి రోజులు వచ్చినట్లే.

అప్పుడే ఇంకొక సంగతి జరిగింది. ఎర్రగుంట్ల పేరయ్య అనే ఆయన ఉన్నారు. మాదిగ కులస్తుడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. చదువు లేదు. కానీ సత్యం కోసం, దేవుని కోసం చాలా కాలం గురువుల దగ్గర వెతికినాడు. వ్యాపారం పని మీద ఉత్తరం వైపు పోయినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రీస్తు మాట విన్నాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఇంటికి వచ్చి ఊరక కూచోలేదు. పల్లె పల్లెకు పోయి తన వాళ్ళకు చెప్పినాడు. ఆ మాట విన్న మాదిగవాళ్ళు తమకు కూడా బాప్తిస్మం ఇవ్వమని క్లౌ దొర దగ్గరికి రాసాగినారు.

ఊర్లో పెద్దలకు ఇది తెలిసింది. వీళ్ళను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను కూడా బడి మాన్పిస్తామని తేల్చి చెప్పినారు. క్లౌ దొర గారికి పెద్ద చిక్కు వచ్చి పడింది. ఒక పక్క చదువుకున్నవాళ్ళు, డబ్బు, పలుకుబడి, అప్పుడే మొదలైన బడి. ఇంకొక పక్క ఊరి బయట గుడిసెల్లో ఉండేవాళ్ళు, చచ్చిన గొడ్డును తినేవాళ్ళని అందరూ తక్కువగా చూసేవాళ్ళు.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. తన గదిలోకి పోయి ప్రార్థన చేసినారు. తరువాత చేతికి అందిన బైబిలు తెరిచినారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం 26 నుండి 29 వచనాలు కనిపించినాయి. లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని దాని భావం. అదే సమయంలో ఆయన భార్య హ్యారియట్ ఇంకొక గదిలో ఇదే సంగతి తలచుకొని బాధపడుతూ బైబిలు తెరిచింది. ఆమెకు కూడా అవే వచనాలు వచ్చినాయి. ఆమె ఆ మాట చెప్పడానికి భర్త దగ్గరికి వచ్చింది. చూస్తే ఆయన ముందర కూడా అదే పుట తెరిచి ఉంది. ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇద్దరికీ ఒకే మాట వచ్చింది. ఇక వాళ్ళకు సందేహం లేకపోయింది. మాదిగవాళ్ళను చేర్చుకుంటామని చెప్పేసినారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేసినారు.

ఇది చదివి కొందరు, ఓహో, పుస్తకం తెరిస్తే జవాబు వస్తుందన్నమాట అనుకోవచ్చు. చిలక జోస్యం చెప్పేవాడి దగ్గర చిలక కార్డు తీసినట్లు అన్నమాట. నాకైతే అట్లా అనిపించలేదు. ఒకటి, ఆయన ముందు ప్రార్థన చేసినారు, తరువాతే చదివినారు. రెండు, ఇద్దరు వేరు వేరుగా వెతికినారు. మూడు, వచ్చిన జవాబు వాళ్ళకు లాభం కాదు, నష్టం. బడి పోయింది, ఊరి పెద్దల స్నేహం పోయింది. మనకు ఇష్టమైనదే దేవుని మాట అనుకుంటే ఎట్లా అని మొదట అడిగినాను కదా. నష్టం వస్తుందని తెలిసి కూడా అదే సరి అనిపిస్తే, అది మన ఆశ చెప్పిన మాట కాదని కొంచెం నమ్మవచ్చు.

1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. అదే నెలలో క్లౌ దొర ఒంగోలుకు నలభై మైళ్ళ దూరంలో పేరయ్య పని చేస్తున్న పల్లెకు పోయినారు. అక్కడ చింతతోపులో జనం మూటా ముల్లె కట్టుకొని వచ్చి ఆయన కోసం కాచుకొని ఉన్నారు. అయిదు రోజులు వాళ్ళతో ఉండి, మాట్లాడి, పరీక్షించి, 28 మందికి బాప్తిస్మం ఇచ్చినారు.

చేరినవాళ్ళకు మూడు నియమాలు పెట్టినారు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి సులభమే. కానీ ఊరి జాతరలో డప్పు కొట్టడం మాదిగవాళ్ళ పని. కొట్టమంటే ఊరి పెద్దలు ఊరుకోలేదు. పనికి పిలవడం ఆపినారు. కొట్టినారు, బాధలు పెట్టినారు. అంటే దొర ఒక్కడే నష్టం భరించినాడని కాదు. ఆయన కంటే ఎక్కువ నష్టం ఆ పల్లెల్లోని వాళ్ళు భరించినారు. దొరకు బంగళా ఉంది. వాళ్ళకు రేపటి కూలే లేదు. అయినా వాళ్ళు వెనక్కి పోలేదు. దేవుణ్ణి అడిగి నిర్ణయం తీసుకున్నది వాళ్ళు కూడా. వాళ్ళలో చాలా మంది పేర్లు మనకు తెలియవు, అంతే.

ధాత కరువు:

1876లో వానలు రాలేదు. తరువాతి సంవత్సరం కూడా సరిగా పడలేదు. తెలుగు సంవత్సరాల్లో అది ధాత సంవత్సరం. అందుకే పెద్దలు ధాత కరువు అని చెప్పుకుంటారు. మద్రాసు రాష్ట్రం, మైసూరు, బొంబాయి, హైదరాబాదు అన్ని చోట్లా వచ్చింది. బళ్ళారి, కర్నూలు జిల్లాల్లో చాలా ఘోరంగా ఉండింది. అప్పటికి మన అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడదీసి చేసినారు. అంటే ఆ కరువు మన నేల మీదే నడిచింది. మొత్తం మీద యాభై లక్షల మందికి పైగా చనిపోయినారని చెప్తారు. అంత చావులోనూ తెల్లవాళ్ళ ప్రభుత్వం ఖర్చు తగ్గించాలని చూసింది. కరువు క్యాంపుల్లో రోజంతా పని చేసే మనిషికి ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కంటే తక్కువ, లెక్క కట్టి ఇచ్చింది.

ఒంగోలు చుట్టూ కూడా జనం ఎముకల గూడులైనారు. క్లౌ దొర బంగళా ముందుకు రోజూ గుంపులు వచ్చేవి. గంజి పోస్తే సరిపోతుందా? ఎన్ని రోజులు పోయగలరు? అప్పుడు ఆయనకు చిన్నప్పుడు నేర్చుకున్న సర్వే పని అక్కరకు వచ్చింది. కృష్ణా కాలువల నుంచి మద్రాసు దాకా సముద్రం పక్కన ప్రభుత్వం ఒక కాలువ తవ్విస్తూ ఉండింది. అదే బకింగ్‌హామ్ కాలువ. దాంట్లో మూడున్నర మైళ్ళు తాను తవ్విస్తానని 1877లో కాంట్రాక్టు తీసుకున్నారు. లాభం కోసం కాదు. ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి దొరకడం కోసం.

మన వైపు చెరువులో పూడిక తీసే పని, బాట పని వస్తే పెద్దవాళ్ళు దాన్ని కరువు పని అనే పిలుస్తారు. క్లౌ దొర పెట్టింది అటువంటి కరువు పనే. వేల మందికి గుడిసెలు వేయించినారు. మగవాళ్ళు గడ్డపారతో తవ్వితే ఆడవాళ్ళు గంపతో మట్టి మోసినారు. దాదాపు ముప్పై మంది బోధకులు మేస్త్రీలుగా నిలబడి పని చూసినారు. మధ్యాహ్నం పని ఆపి కూచున్నప్పుడు అదే బోధకులు వాళ్ళతో కష్టసుఖాలు మాట్లాడినారు, దేవుని మాట చెప్పినారు. క్యాంపులో కలరా వచ్చింది. చాలా మంది చనిపోయినారు. కానీ పని ఆపలేదు. ఎందుకంటే పని ఆగితే కూడు ఆగుతుంది.

పదిహేను నెలలు:

ఇప్పుడు రెండవ పెద్ద ప్రశ్న వచ్చింది. పని చేస్తున్నవాళ్ళలో చాలా మంది తమకు బాప్తిస్మం ఇవ్వమని అడగసాగినారు. మిషనరీకి ఇంతకంటే సంతోషం ఏముంటుంది? దేవుడే పంపినాడు అనుకొని వెంటనే ఇచ్చేయవచ్చు కదా. నెల్లూరులో అంత కాలానికి వేళ్ళ మీద లెక్కపెట్టే అంత మంది. ఇక్కడ వేల మంది వాళ్ళంతట వాళ్ళే అడుగుతున్నారు.

కానీ క్లౌ దొర ఇవ్వలేదు. ఎందుకంటే అప్పుడు కూలి డబ్బు ఆయన చేతిలో ఉంది. సహాయం కోసం విదేశాల నుంచి వచ్చిన కరువు నిధి కూడా కొంత ఆయన చేతి మీదుగానే పోతా ఉండింది. కడుపు కాలుతున్న మనిషి అన్నం పెట్టే చేతికి ఏదైనా సరే అంటాడు. అది ఆ మనిషి తప్పు కాదు. ఆ సమయంలో అవును అనే మాట మనసులో నుంచి వచ్చిందో కడుపులో నుంచి వచ్చిందో అడిగినవానికి కూడా తెలియదు. అందుకని 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మతం చూడకుండా పని ఇచ్చినారు. అన్నం పెట్టినారు. విత్తనాలకు, ఎద్దులకు సాయం చేసినారు. కానీ ఆ ఒక్కటి మాత్రం ఆపినారు.

ఈ పని మొదటిదాని కంటే కష్టం అని నా అభిప్రాయం. మొదటిసారి దేవుడు అవును అన్నట్లు పుస్తకంలో కనిపించింది. రెండవసారి ఏమీ కనిపించలేదు. ఎదురుగా జనం చేతులు జోడించి అడుగుతున్నారు. ఇవ్వకుండానే కలరాతో కొందరు కండ్ల ముందరే పోయినారు. వాళ్ళకు ఇచ్చి ఉంటే బాగుండేదేమో అని ఎన్ని రాత్రులు ఆలోచన వచ్చి ఉంటుందో! అయినా ఆగినారు. దేవుణ్ణి అడగడం అంటే ఒక్కోసారి ఆగడమే.

1878 జూలై 3:

1878లో వానలు పడినాయి. కరువు తగ్గింది. కాలువ పని అయిపోయింది. సహాయం పంచడం కూడా ఆపేసినారు. ఇక దొర దగ్గర ఇచ్చేది ఏమీ లేదు. అప్పుడు ఒంగోలుకు పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర బోధకులతో కూటం పెట్టినారు. బోధకుల వెంట వేల మంది జనం వచ్చినారు. ఇక మీకు ఇవ్వడానికి డబ్బు లేదు, ఇండ్లకు పొమ్మని చెప్పినా పోలేదు. తమకు డబ్బు అక్కర లేదని, కష్టం చేసుకొని బతుకుతామని, తమను సంఘంలో చేర్చుకుంటే చాలని చెప్పినారు. ఆకలి తీరిపోయింది, డబ్బు ఆగిపోయింది. అయినా వాళ్ళ మాట మారలేదు. ఆయన ఇంతకాలం కాచుకున్న జవాబు ఇదే.

అప్పుడు కూడా గుంపుగా ఇచ్చేయలేదు. ఏ ఊరి బోధకుడు ఆ ఊరివాళ్ళను వేరుగా కూచోబెట్టి ఒక్కొక్కరిని విచారించినాడు. వాళ్ళను ఎరిగినవాడు సాక్ష్యం చెప్పినాకే పేరు రాసుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మ నీళ్ళలో బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజులకు మొత్తం 3,536 మంది. జూలై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ పొద్దున, మధ్యాహ్నం కలిపి దాదాపు తొమ్మిది గంటలు నీళ్ళలో నిలబడినారు. క్లౌ దొర తాను నీళ్ళలో దిగలేదు. ఇచ్చినవాళ్ళందరూ మన తెలుగు బోధకులే. ఆ సంవత్సరం ఆఖరుకు ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఒక్క ఒంగోలు సంఘంలోనే పన్నెండు వేల మంది పైగా అయినారు. ఈ వార్త దేశదేశాల పత్రికలలో వచ్చింది.

అప్పుడు కూడా విమర్శించినవాళ్ళు ఉన్నారు. వీళ్ళంతా అన్నం కోసం చేరినవాళ్ళు అని అన్నారు. అట్లా అనేవాళ్ళకు చెప్పడానికి ఆయన దగ్గర ఆ పదిహేను నెలలు ఉన్నాయి. తొందరపడి ఉంటే ఆ జవాబు ఉండేది కాదు. ఇంకొక మాట కూడా నిజం. ఒక్కసారిగా అంత మంది చేరినందువల్ల వాళ్ళకు చదువు చెప్పడానికి, ఊరూరా నడిపించడానికి మనుషులు చాలలేదు. ఆ కొరత చాలా సంవత్సరాలు ఉండింది. క్లౌ దొర మనుషుల కోసం, డబ్బు కోసం అమెరికా పోయి మళ్ళీ మళ్ళీ అడగవలసి వచ్చింది. మంచి నిర్ణయం తీసుకున్నాక కూడా పని మిగిలే ఉంటుంది.

తరువాతి జీవితం:

ఒంగోలులో, పల్లెల్లో బడులు పెరిగినాయి. బడి మొగం చూడని ఇండ్లలో నుంచి పిల్లలు పలక పట్టినారు. మా ఇంట్లో నేనే మొదట పలక పట్టినాను. మా అమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. అందుకే ఈ వాక్యం రాసేటప్పుడు ఆ పిల్లలు నాకు తెలిసినవాళ్ళే అనిపించింది. ఒకప్పుడు పెద్దల పిల్లలు మానేసి పోయిన బడి గుర్తుందా? ఆ బడి పోతే పోనీ అని ఆయన అనుకోబట్టే ఈ బడులు వచ్చినాయి.

మొదటి భార్య హ్యారియట్ చనిపోయిన తరువాత క్లౌ దొర ఎమ్మా గారిని పెండ్లి చేసుకున్నారు. ఎమ్మా గారు బాగా చదువుకున్నామె. మాదిగవాళ్ళ ఇండ్లలో పెద్దలు చెప్పుకునే కథలు, వాళ్ళ గురువుల సంగతులు అడిగి తెలుసుకొని 1899లో ఒక పుస్తకం రాసినారు. మన తాండా కథలు, పాటలు కూడా ఎవరైనా ఇట్లా రాసి పెడితే బాగుంటుంది. ఎవరో ఎందుకు, మనమే రాయవచ్చు.

క్లౌ దొర దాదాపు నలభై ఏళ్ళకు పైగా తెలుగువాళ్ళ కోసం పని చేసినారు. ముసలితనంలో అమెరికా పోయి 1910 నవంబరు 24న రోచెస్టర్ పట్టణంలో చనిపోయినారు. ఆయన చెప్తూ ఉంటే ఎమ్మా గారు రాసిన ఆయన జీవిత కథ 1914లో అచ్చయింది. తరువాత ఒంగోలులో ఆయన పేరు మీద ఆసుపత్రి కట్టినారు.

మనం నేర్చుకోవలసినది:

ఫ్రెండ్స్, ఇదంతా దొరల కథ, మనకెందుకు అనుకోకండి. మనం కూడా ఇంకొక సంవత్సరానికి పదవ తరగతి. దాని తరువాత ఏమి అనేది పెద్ద నిర్ణయం. వేసవి సెలవులకు ఇంటికి పోయినవాళ్ళు అందరూ జూన్ లో తిరిగి రారు. పై క్లాసు అక్కలు ఎంత మంది అట్లా ఆగిపోయినారో మనకు తెలుసు. సంబంధం వచ్చింది, అప్పు తీరుతుంది, ఈ సంవత్సరం పంట లేదు అని ఒక్క రాత్రిలో పెద్దలు ఖాయం చేసేస్తారు. దేవుడు రాసిపెట్టినాడు అని కూడా అంటారు. కానీ దేవుణ్ణి ఎవరూ అడిగి ఉండరు. ఆ పిల్లను కూడా అడిగి ఉండరు.

క్లౌ దొర జీవితం నుంచి నాకు అర్థమైనవి ఇవి.

ఒకటి. ముందు అడగాలి, తరువాత ఖాయం చేయాలి. ఖాయం చేసి తరువాత దేవుని పేరు పెట్టడం అడిగినట్లు కాదు.

రెండు. ఒక్కరే అనుకోకుండా, మన మేలు కోరే ఇంకొకరు వేరుగా ఆలోచించి ఏమంటారో చూడాలి. రెండు గదులలో ఒకే మాట వస్తే ధైర్యం.

మూడు. నాకు ఇందులో లాభం ఉంది కాబట్టి ఇది దేవుని మాట అనుకోరాదు. తక్కువవాళ్ళకు, దిక్కులేనివాళ్ళకు మేలు ఏ పక్క ఉందో చూడాలి.

నాలుగు. ఆకలిలో, భయంలో, అప్పులో ఉన్నప్పుడు జీవితమంతా ఉండే నిర్ణయం చేయరాదు. కరువు పోయేదాకా ఆగాలి. పదిహేను నెలలు ఆగినందువల్ల క్లౌ దొర గారికి ఏమీ తక్కువ కాలేదు. ఆడపిల్ల పెండ్లి నాలుగేండ్లు ఆగితే కూడా ఏమీ తక్కువ కాదు.

అయిదు. ఆగడం అంటే చేతులు కట్టుకొని కూచోవడం కాదు. ఆయన ఆ కరువు కాలంలో కాలువ తవ్వించినారు. మనం కూడా జవాబు వచ్చేదాకా చదువుతూ ఉండాలి. చిన్నప్పుడు అడవిలో గొలుసు పట్టుకొని నేర్చుకున్న సర్వే లెక్క ఎన్నేండ్లకో వేల మందికి అన్నం పెట్టింది. మనం ఇప్పుడు నేర్చుకొనే లెక్కలు, సైన్సు ఎవరి అక్కరకు వస్తాయో ఇప్పుడే ఎవరు చెప్పగలరు?

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. తల్లిదండ్రుల మీటింగు పెట్టినప్పుడు ఈ పదిహేను నెలల సంగతి మా అమ్మానాన్నలకు ఒకసారి చెప్పండి. వాళ్ళు ఈ గోడ మీద రాసింది చదవలేరు. చెప్తే మాత్రం వింటారు. కరువు అంటే ఏమిటో, కరువులో మాట ఇవ్వడం అంటే ఏమిటో మా కంటే వాళ్ళకే బాగా తెలుసు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని